చిన్న ఇంజన్‌తో గెలిచిన నీలి విమానం

అందరికీ నమస్కారం. విమాన పందేల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క విమానం గురించే చెబుతాను. అది ఫ్రాన్స్‌లో పుట్టిన కోద్రాన్ సి.460.

1936 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని మైన్స్ ఫీల్డ్‌లో అమెరికా జాతీయ విమాన పందేలు జరిగాయి. అక్కడికి ఈ నీలి విమానంతో ఫ్రెంచ్ పైలట్ మిషెల్ దెత్రోయా వచ్చాడు. 1927లో అమెరికా పైలట్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటి పారిస్‌లో దిగినప్పుడు, మీదపడుతున్న జనంలోంచి ఆయన్ని తప్పించిన ఇద్దరు పైలట్లలో ఈయన ఒకరు.

దెత్రోయా ముందు చిన్న ఇంజన్ల పోటీ అయిన గ్రీవ్ ట్రోఫీ గెలిచాడు. అంతవరకు సరే. ఇంజన్ సైజుకు హద్దే లేని థాంప్సన్ ట్రోఫీ కూడా ఆయనకే దక్కింది. సగటు వేగం గంటకు 425 కిలోమీటర్లు. రెండో స్థానంలో వచ్చిన ఎర్ల్ ఆర్ట్‌మన్ వేగం 399.

ఎలా సాధ్యమైంది? ఫ్రాన్స్‌లో డ్యూచ్ కప్ అనే విమాన వేగ పోటీ ఉండేది, ఈ విమానాన్ని దానికోసమే తయారుచేశారు. ఆ పోటీలో ఇంజన్ సిలిండర్ల మొత్తం పరిమాణం 8 లీటర్లకు మించకూడదు. బలం పెంచే దారి మూసుకుపోయేసరికి డిజైనర్ మార్సెల్ రిఫార్ గాలి అడ్డును తగ్గించడం మీద పడ్డాడు. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉండే రెనో ఇంజన్ కాబట్టి ముక్కు సన్నగా వచ్చింది. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. రెక్కలు చెక్కవే, ఈ చివర నుంచి ఆ చివరకు ఏడు మీటర్లు కూడా లేవు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ప్రొపెల్లర్. నేల మీద ఉండగానే దానిలోకి గాలి కొట్టి, ప్రొపెల్లర్ రెక్కలను టేకాఫ్‌కు తగ్గ కోణంలో పెడతారు. వేగం అందుకోగానే ఎదురుగాలి ముందున్న పళ్లేన్ని నొక్కుతుంది, లోపలి గాలి బయటికి పోతుంది, రెక్కలు వేగానికి తగ్గ కోణంలోకి మారిపోతాయి. మారేది ఒక్కసారే. మళ్లీ పాత కోణం కావాలంటే కిందికి దిగాల్సిందే!

ఓడినవాళ్లకు కోపం వచ్చింది. మేము సొంత డబ్బుతో, చిన్న షెడ్లలో తయారుచేసుకుంటుంటే, ఇతనికి ఫ్రాన్స్ ప్రభుత్వం అండ ఉందన్నారు. ఆ బాధ నిజమైనదే. పైగా పేరున్న అమెరికా పందెం పైలట్లు రాస్కో టర్నర్, బెన్నీ హోవర్డ్‌ల విమానాలు థాంప్సన్ పోటీకి ముందే కూలిపోయాయి; వాళ్లుంటే పోటీ ఇంకా గట్టిగా ఉండేది. కానీ గెలుపును డబ్బు ఖాతాలో వేస్తే రిఫార్‌కు అన్యాయం చేసినట్టే. ఇదే రకం విమానం 1934 డిసెంబరులో నెలకొల్పిన గంటకు 505 కిలోమీటర్ల వేగ రికార్డును మరుసటి ఏడాదే బద్దలుకొట్టింది ఒక అమెరికన్, హోవర్డ్ హ్యూస్. సొంత డబ్బుతోనే, 567 కిలోమీటర్ల వేగంతో. ఆయన విమానానికీ చక్రాలు ముడుచుకునేవే, ఒళ్లంతా నునుపే.