కప్ప అరుపు వినిపిస్తుంది, పాము ఆకలి వినిపించదు

శ్రోతలకు నమస్కారం.

ఉడుపులయ్యాక మన మడిగట్ల మీద అప్పుడప్పుడు ఒక అరుపు వినిపిస్తుంటుంది. సన్నగా, పసిపిల్ల ఏడుపులా సాగుతుంది. నీరుకట్టె పాము కప్పను వెనక కాలు దగ్గర పట్టుకుని ఉంటుంది. దీనికి కాటేసి చంపే విషం లేదు, చుట్టుకుని ఊపిరాపే అలవాటూ లేదు. అందుకే బతికుండగానే మింగుతుంది. కప్ప గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించుకుంటుంది. పాము దవడను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి జరుపుకుంటూ కొద్దికొద్దిగా లోపలికి లాక్కుంటుంది. దీనికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ కప్ప అరుస్తూనే ఉంటుంది.

ఆ అరుపు విన్న మనిషి చెయ్యి కర్ర కోసం వెతుకుతుంది. ఎందుకలా? పాము మనకేం చేసింది?

మొదటి కారణం ఆ అరుపే. సన్నని గొంతుతో ఎవరు ఏడ్చినా మనం ఉలిక్కిపడతాం. బిడ్డలను సాకే జాతికి అది పుట్టుకతో వచ్చిన గుణం. రెండోది ముఖం. ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో ఒక మాట చెప్పాడు: పెద్ద కళ్లు, గుండ్రటి నుదురు, బొద్దు బుగ్గలు కనబడితే మనలో సాకాలనే కోరిక లేస్తుంది. కుందేలు, ఉడత, లేడిపిల్ల ఆ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. మొసలికి, పాముకు ఆ ముఖం లేదు. అదే పులికూనను చూపిస్తే అందరికీ ముద్దొస్తుంది. కాబట్టి ఇందులో వేటాడే జంతువు తప్పేమీ లేదు, మన చూపులోనే ఉంది విషయం.

మూడోది ఇంకా పాతది. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్ దగ్గర ఒక పిల్ల పుర్రె దొరికింది. మన పూర్వీకుల జాతిది, ఇరవై లక్షల ఏళ్లకు పైబడినది. దాని కంటిగూళ్ల లోపల ఉన్న గుర్తులను పరిశీలించిన శాస్త్రవేత్తలు అవి పెద్ద గద్ద పనే అయివుంటాయన్నారు. మనిషి వేటగాడు కావడానికి చాలా ముందే వేటకు గురైనవాడు. లేడి పరుగెడుతుంటే మన గుండె దాని పక్షానే కొట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ఈ జాలి అందరికీ సమానంగా అందదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానలతోపాటు నత్తగుల్ల కొంగలు వస్తాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని అక్కడివారి నమ్మకం, ఎవరినీ రాయి వేయనివ్వరు. అది గొప్ప సంస్కారం. అయితే ఆ కొంగ కూడా వేటగత్తే. దాని ముక్కు నడుమ సందు ఉంటుంది. కింది ముక్కు కొనను నత్త మూత సందులో దూర్చి, గుల్లకు అంటుకున్న కండరాన్ని కోసి, మాంసాన్ని బయటికి లాగుతుంది. ఆ నత్త కోసం కన్నీరు పెట్టినవారు ఎవరూ లేరు. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతు తన సంచిలోంచి పిల్లలకు చేపలు పెడుతుంటే చూసి మురిసిపోతాం. చేపను తలచుకోం. నత్త అరవదు, చేపకు రెప్పలాడించే కన్ను లేదు. పైగా అక్కడ మనకు గూడు కనిపిస్తోంది, ఆకలితో నోరు తెరిచిన పిల్లలు కనిపిస్తున్నాయి.

నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. వేటకు చిక్కిన జంతువు బాధ నిమిషాల్లో, మన కళ్ల ముందే జరుగుతుంది. వేటాడే జంతువు బాధ రోజుల తరబడి సాగుతుంది, దానికి చప్పుడుండదు. పులి పదిసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి దక్కడమే గొప్ప. మిగతా తొమ్మిదిసార్లూ పస్తే. కాలు విరిగినా, కోరపన్ను ఊడినా దాని వేట ఆగిపోయినట్టే. ఆ పస్తును పొదలో కూర్చుని చూసేవారెవరు?

మన పెద్దలకు ఇది తెలుసు. శిబి చక్రవర్తి కథలో పావురం శరణు కోరగానే కథ ముగియలేదు. డేగ కూడా వచ్చి, నా ఆకలి సంగతేమిటని నిలదీసింది. రాజు ఆ ప్రశ్నను న్యాయమైనదిగా ఒప్పుకున్నాడు కాబట్టే తొడ కోసి ఇచ్చాడు. ఆవు–పులి కథలో మాత్రం, మాట నిలబెట్టుకున్న ఆవును పులి వదిలేశాక, ఆ పూట పులి ఏం తిన్నదని మనం అడగం.

మరి కళ్ల ముందు జరుగుతున్నప్పుడు ఏం చేయాలి? పాము నోట కప్ప ఉంటే కర్ర పెట్టకండి. బెదిరిన పాము కప్పను కక్కేస్తుంది. వెనక్కి వంగిన పళ్లు దిగి కప్ప తొడలు అప్పటికే చీరుకుపోయి ఉంటాయి, అది బతకడం అనుమానమే. పాముకేమో తిండి పోతుంది, చాలాసార్లు ప్రాణమే పోతుంది. జెర్రిపోతైతే ఇంకా నష్టం, కళ్లంలో ఎలుకలు పట్టేది అదే.

సముద్రపు ఒడ్డున సంగతి వేరు. బారువ, కళింగపట్నం వైపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కో గూటిలో నూటికి అటూఇటూ గుడ్లు పెడుతుంది. పిల్లలను ఎండ్రకాయలు, కాకులు తింటాయి. అది ఎప్పటినుంచో ఉన్నదే, ఆ లెక్కకు సరిపడానే తాబేలు అన్ని గుడ్లు పెడుతుంది. ఊరకుక్కలు అలా కాదు. మనం పారేసిన ఎంగిలి మీద పెరిగిన మంద గూళ్లన్నీ తవ్వేస్తుంది. అక్కడ అడ్డుపడాలి. గూడు కనబడితే మీరు కదపకుండా అటవీశాఖ వారికి చెప్పండి. గుడ్లను ఆలస్యంగా తీసినా, తిప్పి పెట్టినా లోపలి పిండం చనిపోతుంది. పిల్లలు బయటికి వచ్చే రాత్రి ఒడ్డున దీపాలు ఆర్పేయండి, వెలుగు చూస్తే అవి సముద్రాన్ని వదిలి ఊరివైపు పాకుతాయి.

రైతులకు ఒక పని. వరిచేలో ఎకరాకు పది దాకా, పైన అడ్డకర్ర కట్టిన కొయ్యలు పాతండి. అడ్డకర్ర పైరుకంటే మూరెడు ఎత్తున ఉండాలి. పగలు వాటి మీద వాలిన ఏట్రింత పిట్ట పురుగులను ఏరుకుంటుంది, రాత్రి గుడ్లగూబ ఎలుకలను పడుతుంది. గుడ్లగూబ అశుభమని తరిమేసేవారు, ఎలుకలు కొరికిన దుబ్బులను ఒకసారి లెక్కపెట్టి చూడండి. గింజ పాలు పోసుకునే సమయానికి మాత్రం కొయ్యలు పీకేయాలి, లేకపోతే గింజ తినే పిట్టలు వచ్చి వాలతాయి. కోత అయ్యాక పెసరో మినుమో చల్లితే, ఆ కొయ్యలే మళ్లీ పాతుకోవచ్చు.