లోకల్ సరుకా, మందుల్లేని సరుకా: డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఈ పాలకూర కట్ట చూడండి. ఉప్పల్ దగ్గర రోడ్డు పక్కన కొన్నాను. ఒక్కో ఆకు అరచెయ్యంత ఉంది, కట్ట వేళ్లకంటిన నల్లటి మట్టి ఇంకా తడి ఆరలేదు. తెల్లవారుజామున కోసి ఉంటారు. లోకల్ అంటే ఇంతకన్నా లోకల్ ఏముంటుంది? కానీ ఏ నీళ్లతో పండిందమ్మా అని అడిగితే అమ్మే ఆవిడ నవ్వి ఊరుకుంది.

హైదరాబాద్ దాటాక మూసీలో పారేది చాలావరకు నగరం వదిలిన మురుగే. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు ఆ నీళ్లతోనే ఏళ్లుగా పశుగ్రాసం, వరి, ఆకుకూరలు పండిస్తున్నారు. రైతును అనడానికేం లేదు, ఆయనకు వచ్చే నీళ్లు అవే. అక్కడి ఆకుకూరల్లో సీసం, క్యాడ్మియం లాంటి లోహాలు ఉన్నాయని పరిశోధకులు చెప్తూనే ఉన్నారు. ఆకులోకి ఎక్కిన సీసం ఉప్పునీళ్లలో నానబెడితే పోదు. నా చేతిలో ఉన్న కట్ట ఆ నీళ్లదేనని నేననడం లేదు. దగ్గర్లో పండింది అన్న ఒక్క మాట విని సంచిలో వేసుకోకండి అంటున్నా, అంతే.

మరి దూరం సంగతి? లారీలో వందల కిలోమీటర్లు వచ్చిన కూరగాయ వాతావరణానికి చేటు అని మనలో చాలామంది నమ్మకం. 2008లో అమెరికాలో వెబర్, మాథ్యూస్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క కట్టారు. అక్కడి ఇళ్ల తిండి వల్ల వచ్చే, భూమిని వేడెక్కించే వాయువుల్లో పండించే దశ వాటా 83 శాతం, పొలం నుంచి దుకాణానికి తెచ్చే రవాణాది 4 శాతం. మన లెక్క అచ్చం అలాగే ఉండదు. అయినా నీళ్లు నిలగట్టిన వరిమడి నుంచి మీథేన్ అనే అలాంటి వాయువే వస్తుందని మర్చిపోకండి, ఆ మడి మన ఊళ్లోదే అయినా సరే.

సరదాగా మనమూ ఒక కాకిలెక్క వేద్దాం. మదనపల్లె నుంచి హైదరాబాద్‌కు 500 కిలోమీటర్ల పైమాటే. పది టన్నుల టమాటా లారీ, లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. కిలో టమాటాకు పడే డీజిల్ సుమారు 13 మిల్లీలీటర్లు. అదే మీరు ఆదివారం కారేసుకుని 30 కిలోమీటర్ల దూరంలోని ఆర్గానిక్ తోటకు వెళ్లి, ఎనిమిది కిలోల కూరగాయలు తెచ్చారనుకోండి. రానూపోనూ నాలుగు లీటర్లు, అంటే కిలోకు అర లీటరు! పిల్లలకు తోట చూపించడానికైతే హాయిగా వెళ్లండి. పర్యావరణం పేరు మాత్రం చెప్పకండి. పైగా మదనపల్లె ఎత్తు మీద ఉన్న ఊరు, మన దగ్గర ఎండలకు పూత రాలిపోయే రోజుల్లోనూ అక్కడ టమాటా కాస్తుంది. మే నెలలో ఆ టమాటా కొనడానికి మొహమాటం అక్కర్లేదు.

అందుకే నేను సరుకును రెండుగా విడదీస్తాను. రోజువారీ కూర ఒకటి, ఏడాది సరుకు ఒకటి.

రోజువారీ కూరకు దగ్గరిదే మేలు, అయితే అడిగి కొనాలి. 1999లో రైతుబజార్లు పెట్టింది ఇందుకే కదా, పండించినవాళ్లే ఎదురుగా కూర్చుంటారని. మెహదీపట్నంలో ఒక పెద్దావిడను ఏ ఊరమ్మా అని అడిగాను. "చేవెళ్ల దిక్కు బిడ్డా." నీళ్లు? "బోరు నీళ్లే. పాలకూరకు మందు కొట్టలే. గోబిపువ్వుకైతే కొట్టకుంటే ఎట్లయితది, పురుగు తినిపోతది." ఇంత నిజాయితీగా ఏ ప్యాకెట్టూ చెప్పదు. ఆఖరుసారి మందు కొట్టి ఎన్ని రోజులైందని కూడా అడగండి. కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో మందు డబ్బా మీదో, దాంతో వచ్చే కాగితంలోనో రాసి ఉంటుంది. ఆ రోజు నేను పాలకూర తీసుకున్నా, గోబిపువ్వు వదిలేశా.

ఏడాది సరుకు దగ్గర నా లెక్క తిరగబడుతుంది. మిర్చి, పసుపు, పప్పులు ఎండినవి, నిలవుంటాయి, లారీలో నిదానంగా వస్తాయి. ఇక్కడ ఎక్కడ పండింది అనేకంటే ఎలా పండింది అన్నదే ముఖ్యం. మిర్చినే తీసుకోండి. 2021లో నల్ల తామరపురుగు వచ్చిపడి గుంటూరు నుంచి ఖమ్మం దాకా తోటల్ని ఊడ్చేసింది, రైతులు దొరికిన మందల్లా కొట్టి అప్పులపాలయ్యారు. గుంటూరులో ఉన్నవాళ్లకు మిర్చి యార్డు పక్కనే, కానీ యార్డు పక్కన ఉంటే కాయ మీద మందు తగ్గదు కదా!

ఆంధ్రలో ప్రభుత్వం పెట్టిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం, అంటే రసాయన మందులు, ఎరువులు లేని సాగు చేయిస్తోంది. ఆవు పేడ, మూత్రంతో చేసే బీజామృతం విత్తనాలకు పట్టించడం, జీవామృతం నేలకు పోయడం, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం లాంటివి. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతిలో వాటా కూడా వచ్చింది. అలా పండించే రైతు సంఘాల దగ్గర నేరుగా కొనొచ్చు. దుకాణంలో కొంటే జైవిక్ భారత్ గుర్తు చూడండి, ఆర్గానిక్ సరుకుకు ప్రభుత్వం పెట్టిన గుర్తు అది. పీజీఎస్ అంటే రైతులు ఒకరి పొలాన్ని ఒకరు చూసి ధ్రువీకరించే పద్ధతి, పీజీఎస్-గ్రీన్ అని ఉంటే ఆ పొలం ఆర్గానిక్‌కు ఇంకా మారే దశలో ఉందని అర్థం, అది మోసమేం కాదు. "ఫార్మ్ ఫ్రెష్", "నేచురల్" లాంటి మాటల్ని మాత్రం అట్టపెట్టె మీద బొమ్మల కిందే లెక్కేయండి.

కందిపప్పు దగ్గర మాత్రం ఈ గొడవ కొంత తగ్గుతుంది. తాండూరు కంది ఎక్కువగా వానాధార పంట, గాల్లోని నత్రజనిని తనే సమకూర్చుకుంటుంది కాబట్టి ఎరువు కూడా పెద్దగా అడగదు. మొజాంబిక్, మయన్మార్ నుంచి వచ్చే కందీ బజార్లో కలుస్తుంది కాబట్టి, ఎక్కడిదని అడిగి తీసుకోండి.

రేటు ఎక్కువ కదా అంటారు. నిజమే. కానీ నలుగురున్న ఇంటికి ఏడాదికి నాలుగు కిలోల కారం పడుతుందనుకుందాం. కిలోకు 150 రూపాయలు ఎక్కువ పెట్టినా ఏడాదికి 600. వారం వారం రెట్టింపు ధర పెట్టి ఆర్గానిక్ సొరకాయ కొనే డబ్బులో అది ఏ మూలకు? ఈసారి కారం పట్టించేముందు, కాయలు కల్లంలో ఉండగానే ఏదో ఒక రైతు సంఘానికి ఫోన్ చేసి మీ నాలుగు కిలోలు చెప్పి పెట్టుకోండి.