పట్టుకున్న కాంతే అణువుల్ని మాయం చేస్తోందా?

[తెర మీద: చీకట్లో ఒక లేజర్ కిరణం, సన్నబడిన చోట చిన్న మబ్బులా పరమాణువులు]

పాలు బాగా కాగిపోతే గిన్నెని చన్నీళ్లలో పెడతాం కదా. అణువుల్ని చల్లార్చడానికీ అదే ఉపాయం: పక్కన చల్లటి పరమాణువుల్ని పెట్టి ఢీకొననిస్తే వేడి వాటిలోకి పోతుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు సోడియం పరమాణువులతో సోడియం-లిథియం అణువుల్ని 2 మైక్రోకెల్విన్ నుంచి 220 నానోకెల్విన్‌కి దించారు, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకి వెంట్రుకవాసి దూరంలోకి.

కానీ అన్ని జంటలూ ఇలా మాట వినవు. పొటాషియం-రుబీడియం అణువు పక్కన పొటాషియం పరమాణువు ఉంటే రసాయన చర్య జరిగిపోతుంది, అణువు పోతుంది, సరే. రుబీడియం పరమాణువు ఉంటే మాత్రం చర్యకి కావాల్సిన శక్తి ఆ చలిలో దొరకదు, ఢీకొని ఎవరి దారిన వాళ్లు పోవాలి. అయినా అణువులు మాయమవుతున్నాయి! చాలా ఏళ్లు ఇదే టెన్షన్.

[తెర మీద: మూడు గోళీలు అతుక్కుని తిరుగుతుంటాయి]

హార్వర్డ్‌లో కాంగ్-కుయెన్ నీ బృందం దొంగని పట్టుకుంది. ఢీకొన్నాక అణువు, పరమాణువు వెంటనే విడిపోకుండా కాసేపు ఒకే ముద్దగా ఉండిపోతున్నాయి, ఈలోగా వాటిని పట్టి ఉంచిన 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజరే ఆ ముద్దని తాకి వేరే స్థితికి ఎగదోస్తోంది. అంటే ఉచ్చు పన్నిన కాంతే నష్టానికి కారణం.

ఎలా తెలిసింది? ఉచ్చు కాంతిని ఒక్కసారిగా తగ్గించి, ముద్దల్ని మరో లేజర్ పల్స్‌తో అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా చేసి, వాటి సంఖ్య కాలంతో ఎలా మారుతోందో లెక్కపెట్టారు. కాంతి కాసేపు తగ్గితే అన్నీ పారిపోవా అంటారేమో, అర మైక్రోకెల్విన్ దగ్గర ఈ అణువుల వేగం సెకనుకి సుమారు 1 సెంటీమీటరు, దాదాపు చీమ నడక, మిల్లీసెకనులో ఎంత దూరం పోతాయి చెప్పండి.

2022లో వచ్చిన ఫలితం: ముద్ద ఆయుష్షు సుమారు 0.39 మిల్లీసెకన్లు. సిద్ధాంతం లెక్క కట్టింది నానోసెకన్లలోనే, అంటే సుమారు లక్ష రెట్లు తేడా! నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మూడంటే మూడే పరమాణువులు, లెక్క తేలిగ్గా కుదరాల్సిన చోట, అవి అంతసేపు ఎందుకు అతుక్కుని ఉంటున్నాయన్నది సిద్ధాంతకర్తల ముందు ప్రశ్నగా నిలబడింది.