శుభలేఖ నుంచి గ్రీటింగ్ కార్డు దాకా

అందరికీ నమస్కారం.

శుభలేఖల్ని పారేయడానికి మనకు చేతులు రావు. మూలల్లో పసుపు, పైన వినాయకుడు. అలా బీరువా మీద కట్టలు కట్టలుగా పేరుకుపోతాయి. వాటికి జాకెట్టు కుట్టగా మిగిలిన గుడ్డ ముక్కలు, పాత చీర నుంచి విప్పిన జరీ అంచు, రాలిన చమ్కీలు తోడైతే ఉగాదికి, సంక్రాంతికి పంపే కార్డులకు సరుకు ఇంట్లోనే ఉన్నట్టు. అయినా ఇంట్లో చేసిన కార్డు కొన్నాళ్లకే వంకర పోతుంది, మడత దగ్గర తెల్లగా పగులుతుంది, పూసలు రాలిపోతాయి. అలంకరణ బాగా లేక కాదు. కార్డు పాడయ్యేది మడత దగ్గర, జిగురు దగ్గర. అందుకే ఈ పూట ఎక్కువ సేపు ఆ రెండింటి గురించే చెబుతాను.

ముందు అట్ట. 148 మిల్లీమీటర్లకు 210 ముక్క తీసుకుని మధ్యకు మడిస్తే 105కు 148 కార్డు వస్తుంది. మందం 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు అట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఉంటే చాలు. ప్రింటింగ్ ప్రెస్సుల్లో మిగిలే కటింగ్ ముక్కల్లో ఈ కొలత దొరుకుతుంది, అడిగి తెచ్చుకోండి. శుభలేఖనే అట్టగా వాడకపోవడం మంచిది. దానికి ముందే ఒక మడత ఉంటుంది, పైగా లోపల అచ్చు ఉంటుంది. ముందు వైపు అలంకరణకు మాత్రం అది చాలా బాగుంటుంది.

ఇక మడత. కాగితానికి గ్రెయిన్ ఉంటుంది, అంటే దాని నార ఎక్కువగా ఒకే దిక్కుకు పరుచుకుని ఉంటుంది. అట్టను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే మడత అటే రావాలి. దానికి అడ్డంగా మడిస్తే నార విరిగి, పైన రంగు పగిలి, లోపలి తెలుపు బయటపడుతుంది. గ్రెయిన్ చూసుకున్నాక కింద నాలుగు పొరల న్యూస్‌పేపర్ పరిచి, స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో ఒకే గీత మీద రెండు మూడు సార్లు నొక్కి గీయండి. ఒకవైపు గాడి పడుతుంది, రెండో వైపు సన్నగా ఉబ్బుతుంది. చాలామంది గాడి లోపలికి వచ్చేలా మడుస్తారు. ఉబ్బు లోపలికి, గాడి బయటికి రావాలి. అప్పుడే బయటి పొర మీద లాగుడు తగ్గి మడత శుభ్రంగా వస్తుంది.

ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని అట్టను తనవైపు లాగుతుంది. కార్డు వంకర పోయేది ఇందుకే. కాబట్టి జిగురులో నీళ్లు కలపకండి. పాత విజిటింగ్ కార్డుతో గీకి పల్చటి పొరగా పరచండి. ముందు వైపు నిండా కాగితం అంటిస్తే, ఆ పలక లోపలి వైపు కూడా అంతే కొలత కాగితం, అదే గ్రెయిన్‌తో అంటించండి. రెండు లాగుళ్లూ సరిపోతాయి. తర్వాత పైనా కిందా తెల్ల కాగితం పెట్టి బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచండి. ఇక్కడ న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. విజయవాడ వానాకాలపు ఉక్కలో ఇంకో రోజు అదనంగా ఉంచాలి.

శుభలేఖ మీద నీటి చుక్క వేసి చూడండి. ఇంకకుండా ముత్యంలా నిలిచిందంటే అది లామినేషన్ చేసిన కార్డు, దాని మీద ఫెవికాల్ పట్టదు. అంటించే చోట సన్నటి గరుకు కాగితంతో రుద్దండి, లేదా రెండు వైపులా అంటుకునే టేపు వాడండి. ఇంట్లో మైదా ఉడికించి జిగురు చేసుకునేవాళ్లున్నారు. కాగితానికి అది మంచి జిగురే, కానీ బొద్దింకలు చేరతాయి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం పాత పద్ధతి. అది విషం, పిల్లలు చేసే కార్డుల్లో వద్దే వద్దు.

మంగళగిరి నేత గుడ్డ ముక్కలు మన చుట్టుపక్కల ఏ టైలరు దగ్గరైనా దొరుకుతాయి. ఆ సన్నటి జరీ అంచు కార్డుకు భలే అందం. నేరుగా కత్తిరిస్తే పోగులు ఊడతాయి. గుడ్డను ఇస్త్రీ చేసి, పల్చటి కాగితానికి జిగురు గీకి, దాని మీద పరిచి, పూర్తిగా ఆరాక కాగితంతో కలిపి కత్తిరించండి. అంచు కత్తితో కోసినంత నీటుగా వస్తుంది. జిగురు ఎక్కువైతే పోగుల సందుల్లోంచి పైకి వచ్చి మరక పడుతుంది, ఆ మరక ఇక పోదు. రాగి తీగ ఉన్న జరీ చెమ్మకు నల్లబడుతుంది కాబట్టి దానికి టేపే వాడండి.

పూలలో కాగితం పూలు (బోగన్‌విల్లా) నొక్కి ఆరబెట్టడానికి బాగుంటాయి, నీరు తక్కువ. మల్లె గోధుమరంగుకు తిరుగుతుంది, మందారంలో నీరెక్కువై బూజు పడుతుంది. పాత బొట్టు స్టిక్కర్ల వెనక జిగురు ఎండిపోయి ఉంటుంది, కొత్తగా ఒక చుక్క వేయాల్సిందే.

లోపల రాయాల్సింది అలంకరణకు ముందే రాసేయండి. పూసలు అంటించాక అట్ట బల్ల మీద సమంగా ఆనదు. మెరుపు కాగితం మీద జెల్ పెన్ను సిరా ఆరదు, బాల్ పెన్నుతో రాయండి.

పోస్టులో పంపేవాళ్లకు ఒక లెక్క. ఉత్తరానికి తపాలా రుసుములో మొదటి మెట్టు 20 గ్రాములు. 300 జీఎస్‌ఎం ఏ4 షీటు మొత్తం మడిచి కార్డు చేస్తే ఒక్క అట్టే దాదాపు 18.7 గ్రాములు. కవరు కలిపితే మెట్టు దాటుతుంది. మనం చెప్పుకున్న కొలతలో అట్ట 9.3 గ్రాములే, 114కు 162 కవరులో హాయిగా పడుతుంది. కవరు కుడివైపు పై మూలలో స్టాంపు మీద ముద్ర దెబ్బ పడుతుంది. ఆ చోటికి కింద అద్దాలు, పూసలు రాకుండా కార్డును తిప్పి పెట్టండి.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. అట్టలున్నాయి, ముందు గ్రెయిన్ చూద్దాం.