ఇంట్లో బ్రూ చేసిన బీరు కెగ్‌లోకి: నా సిలిండర్ ఖాళీ చేసిన లీకు

హాయ్ అండీ, బావున్నారా అందరూ. పోయిన వీడియోలో 5 గ్యాలన్ల పేల్ ఏల్ అనే బీరు బ్రూ చేసి మూల పెట్టాం కదా, ఇదిగో అదే బకెట్, రెండు వారాలైంది, ఇవాళ కెగ్‌లోకి, అంటే ఈ స్టీలు డబ్బాలోకి ఎక్కిద్దాం. ముందే చెప్తున్నా, నేనుండేది అమెరికాలో, ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే సొంత వాడకానికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు అంతే. మనవైపు నుంచి చూసేవాళ్ళు మాత్రం చూసి ఊరుకోండి, అక్కడ లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే.

గ్రావిటీ, అంటే బీరులో చక్కెర ఎంతుందో చెప్పే అంకె, మొదట్లో 1.050 ఉండె, మొన్న 1.010, ఇవాళ కూడా 1.010. కదల్లేదంటే ఫర్మెంటేషన్ అయిపోయినట్టే. ఐదు శాతం పైన చిల్లర ఆల్కహాల్.

కెగ్ కడిగేశా, స్టార్ శాన్ అని క్రిములు చంపే మందు, 5 గ్యాలన్ల నీళ్ళకి ఒక ఔన్సు, ఈ నురగ అలాగే ఉండనివ్వండి, మళ్ళీ నీళ్ళతో కడగొద్దు. సైఫన్ గొట్టం ఇలా అడుగుదాకా దించాలి, పైనుంచి పోస్తే గాలి కలిసి కొన్నాళ్ళకి తడిసిన అట్టపెట్టె రుచి వస్తది. ఆ, నిండింది, మూత పెట్టేశా. గ్రే కనెక్టర్ గ్యాస్‌కి, అంటే బీరులో బుడగలు తెచ్చే సీఓటూ సిలిండర్‌కి, బ్లాక్ బీరుకి. గ్రే గ్యాస్, బ్లాక్ బీర్, అంతే గుర్తు.

ఇప్పుడు ఆగండి, ఇక్కడే నేను దెబ్బ తిన్నా. మొదటిసారి గ్యాస్ ప్రెషర్ 12 పీఎస్ఐ పెట్టేసి హాయిగా పడుకున్నా, పొద్దున చూస్తే 5 పౌండ్ల సిలిండర్ ఖాళీ. రాత్రి మీటర్ ఫుల్లే చూపించింది మరి! తర్వాత అర్థమైంది, లోపల సీఓటూ ద్రవంగా ఉంటది, అది ఉన్నంతసేపూ ముల్లు కదలదు, అయిపోయాక ఒక్కసారే పడిపోద్ది. అందుకే నేనిప్పుడు మీటర్ నమ్మను, సిలిండర్ని తూకం వేస్తా. ఇదిగో మెడ దగ్గర టీడబ్ల్యూ అని గుద్ది ఉంది చూడండి, అది ఖాళీ బరువు, తీసేస్తే మిగిలింది గ్యాస్.

ఆ రాత్రి లీకు ఎక్కడంటే, మూత కింద ఈ రబ్బరు రింగు. కుక్కర్ గాస్కెట్ లాంటిదే, సరిగ్గా కూర్చోకపోతే ఆవిరి పోయినట్టు గ్యాస్ పోద్ది. కెగ్ లూబ్ అని గ్రీజు లాంటిది, పల్చగా రాయండి, వేలితోనే, ఇంత చాలు. 12తో అది కూర్చోదు, ముందు 30 కొట్టండి, టక్ అన్నదా? ఇప్పుడు ఈ వాల్వ్ లాగండి, లోపల గాలి పోవాలి, నాలుగైదు సార్లు. ఆ తర్వాత సబ్బు నీళ్ళు. ఇంట్లో గ్యాస్ బండ మార్చినప్పుడు అమ్మ నురగ రాసి చూసేది కదా, అదే. మూత చుట్టూ, కనెక్టర్లు తగిలించే రెండు పోస్టులు, రెగ్యులేటర్ నట్టు... ఇదిగో, ఇదిగో, దగ్గరికి చూపిస్తా, నువ్వుగింజంత బుడగ, మెల్లగా శనగగింజంత అయింది. ఇంత చిన్నదైనా వదిలేస్తే మెల్లమెల్లగా సిలిండర్ ఖాళీ అయిపోద్ది! నట్టు లోపల వాషర్ మార్చా, ఇప్పుడు రావట్లేదు.

ఇంక ఫ్రిజ్‌లో 38 ఫారన్‌హీట్, 12 పీఎస్ఐ, వారం పది రోజులు. కొంతమంది 30 పెట్టి కెగ్ ఊపేస్తారు, ఒక్కరోజులో అయిపోద్ది నిజమే, కానీ నాకు రెండుసార్లు గ్యాస్ ఎక్కువై గ్లాసంతా నురగే వచ్చింది, మానేశా. బీరు గొట్టం కూడా సన్నది, 10 అడుగులు పెట్టండి, పొట్టిది పెడితే అదీ నురగే.

ఇది పదకొండో రోజు షూట్ చేసిన క్లిప్. మొదటి గ్లాసులో మడ్డి వస్తది, పారబోశా. రెండోది... చూడండి, రెండు వేళ్ళ నురగ. ఒక్క నిమిషం, తాగి చెప్తా.