ప్రశాంత్ కిశోర్: నాయకుల వెనుక నుంచి జనం ముందుకు

శ్రోతలకు నమస్కారం.

2017 జులైలో, గుంటూరు సమీపంలోని నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట జరిగిన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ప్లీనరీలో, ఎన్నడూ ఏ పదవికీ పోటీ చేయని ఒక బిహారీ యువకుణ్ణి వేదిక మీదికి పిలిచి కార్యకర్తలకు పరిచయం చేశారు. ఆయనే ప్రశాంత్ కిశోర్. పార్టీకి సలహాదారు ఉండటం మనకు కొత్త కాదు; కానీ రుసుము తీసుకుని ఎన్నికలు నడిపించే నిపుణుణ్ణి ఇంత బహిరంగంగా చూపించడం మన రాజకీయాలకు కొత్త.

1977లో బిహార్‌లోని రోహ్తాస్ జిల్లా కోనార్ గ్రామంలో పుట్టిన కిశోర్ బక్సర్‌లో పెరిగారు. తండ్రి వైద్యుడు. రాజకీయాల్లోకి రాకముందు ఆయన ఐక్యరాజ్యసమితి ప్రజారోగ్య కార్యక్రమాల్లో పనిచేశారు. ఏ జిల్లాలో ఏ లోపం ఉందో లెక్క తీయడం, చిట్టచివరి ఇంటి దాకా ఒకే సందేశాన్ని చేర్చడం ఆ రంగంలో నిత్యం చేసే పనులు. తర్వాతి కాలంలో ఎన్నికల్లో ఆయన చేసింది చాలావరకు అదే పని అని నా అభిప్రాయం.

2012లో గుజరాత్‌లో నరేంద్ర మోదీకి, 2014 లోక్‌సభ ఎన్నికల్లో మళ్లీ ఆయనకే పనిచేశారు. ఆ తర్వాత అక్కడినుంచి విడిపోయి, 2015లో బిహార్‌లో నీతీశ్ కుమార్ పక్షాన నిలిచారు. నీతీశ్ డీఎన్ఏ గురించి మోదీ చేసిన వ్యాఖ్యను యావత్ బిహారీలకు జరిగిన అవమానంగా చూపించి, జనం తమ వెంట్రుకలను, గోళ్లను నమూనాలుగా దిల్లీకి పంపేలా ఒక ప్రచారం సాగింది. ప్రత్యర్థి నోటినుంచి జారిన ఒక్క మాటను ఊరూరి పౌరుష విషయంగా మలచడం సామాన్యమైన నేర్పు కాదు. ఆ ఎన్నికల్లో నీతీశ్ కూటమి 243 స్థానాలకు 178 గెలుచుకుంది.

ఆయన పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది హామీలను అంకెలో బంధించడం. బిహార్‌లో నీతీశ్ ఏడు సంకల్పాలు, పంజాబ్‌లో కెప్టెన్ అమరీందర్ తొమ్మిది అంశాలు, ఆంధ్రప్రదేశ్‌లో నవరత్నాలు, బెంగాల్‌లో మమతా బెనర్జీ పది వాగ్దానాలు. వంద పేజీల మేనిఫెస్టో ఎవరూ చదవరు. తొమ్మిది హామీలను మాత్రం పొలం గట్టు మీద కూర్చున్న మనిషి కూడా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలడు. అయితే దీనివల్ల జరిగే నష్టాన్నీ చెప్పాలి. కరపత్రంలో పట్టే హామీలకే విలువ పెరిగి, సాగునీటి ప్రాజెక్టుల వంటి దీర్ఘకాలిక విషయాలు చర్చలో వెనకబడిపోతాయి.

అన్ని చోట్లా ఆయన పాచిక పారలేదు. 2016లో ఉత్తరప్రదేశ్‌లోని దేవరియా జిల్లాలో కాంగ్రెస్ తరఫున రైతులను నులక మంచాల మీద కూర్చోబెట్టి సభ పెట్టారు. సభ ముగియగానే రైతులు ఆ మంచాలను నెత్తిన పెట్టుకుని ఇళ్లకు తీసుకుపోయారు. మరుసటి ఏడాది ఆ రాష్ట్రంలో 403 స్థానాలకు కాంగ్రెస్‌కు దక్కినవి 7. గ్రామాల్లో పార్టీయే లేని చోట ఎంత మంచి ఆలోచనైనా మంచాల దగ్గరే ఆగిపోతుందని అక్కడ తేలింది.

మన రాష్ట్రంలో పరిస్థితి వేరు. ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా జగన్మోహన్ రెడ్డి 3,648 కిలోమీటర్లు నడిచారు. ప్రతి పోలింగ్ బూత్ పరిధిలోనూ ఆయన కోసం తిరిగే మనుషులు అప్పటికే ఉన్నారు. కిశోర్ స్థాపించిన ఐప్యాక్ సంస్థ ఆ శ్రమకు సర్వేలను, నినాదాలను, క్రమాన్ని జోడించింది. 2019లో 175కు 151 స్థానాలు వచ్చాయి. ఆ ఘనతంతా వ్యూహకర్తకే కట్టబెట్టడం ఎండలో జెండా మోసిన కార్యకర్తకు అన్యాయం చేయడమే. 2024లో కిశోర్ లేకుండా ఐప్యాక్ అదే పార్టీకి పనిచేసినప్పుడు వచ్చినవి 11 స్థానాలు. ఐదేళ్ల పాలనపై జనం ఇచ్చే తీర్పును ఏ సంస్థా మార్చలేదు.

2021లో బెంగాల్‌లో, తమిళనాడులో తాను పనిచేసిన పక్షాలు గెలిచిన రోజునే కిశోర్ ఈ వృత్తిని వదులుకుంటున్నట్టు ప్రకటించారు. 2022 అక్టోబరు 2న బిహార్‌లో పశ్చిమ చంపారన్ జిల్లాలోని భితిహర్వా గాంధీ ఆశ్రమం నుంచి పాదయాత్ర మొదలుపెట్టి, సరిగ్గా రెండేళ్లకు జన్ సురాజ్ పార్టీని స్థాపించారు. పిల్లల చదువు గురించి, కూలికోసం పరాయి రాష్ట్రాలకు వెళ్లే యువకుల గురించి ఆయన అడిగిన ప్రశ్నలు న్యాయమైనవి. వలసల బాధ తెలిసిన పాలమూరు, శ్రీకాకుళం వారికి అవి బాగా అర్థమవుతాయి. అయినా 2025 నవంబరులో వచ్చిన బిహార్ శాసనసభ ఎన్నికల ఫలితాల్లో, దాదాపు అన్ని స్థానాల్లో అభ్యర్థులను నిలిపిన ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఇన్నాళ్లూ ఆయన చేతికి దొరికినది జనానికి ముందే తెలిసిన ఒక నాయకుడు, బూత్‌లో కూర్చునే కార్యకర్తలు. ఈసారి ఆ రెండింటినీ ఆయనే తయారుచేసుకోవలసి వచ్చింది, మూడేళ్ల సమయం అందుకు చాలలేదు.