పార్కులో పోయిన ఉంగరం

ప్రయోక్త: శ్రీకాకుళం నుంచి ఒక చెల్లెమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. ఆదివారం మా కాలనీ పార్కులో పిల్లలతో ఆడుతుంటే వేలి ఉంగరం జారిపోయింది. మా అమ్మ పెట్టిందండి అది. తమ్ముడు మెటల్ డిటెక్టర్ తెచ్చి రెండు సాయంత్రాలు వెతికాడు. సోడా మూతలే వస్తున్నాయి. రాత్రి నిద్ర పట్టడం లేదు.

నిపుణుడు: టెన్షన్ పడకండమ్మా. మొన్న పడింది కాబట్టి ఇంకా గడ్డి వేళ్ల మధ్యే ఉంటుంది. చెత్త మోగకుండా తమ్ముడు మెషీన్‌లో సెట్టింగ్ ఏమైనా పెట్టాడా?

శ్రోత: పెట్టాడండి. రేకు ముక్కలకి ఊరికే మోగుతోందని.

నిపుణుడు: అక్కడే వచ్చింది చిక్కు. సన్నటి బంగారు ఉంగరం, సిగరెట్ పెట్టెలో మెరుపు కాగితం మెషీన్‌కి ఇంచుమించు ఒక్కలాగే వినిపిస్తాయి. రేకు వద్దంటే బంగారమూ వద్దన్నట్టే. ఇనుము ఒక్కటే తీసేసి మిగతావన్నీ విననివ్వండి. మీరు ఆడిన చోటు చుట్టూ తాడు కట్టండి. వాకిలి ఊడ్చినట్టు, ఒక వరుస మీదికి సగం ఎక్కేలా ఇంకో వరుస వెయ్యాలి. కాయిల్, అంటే మెషీన్ కింద ఉండే గుండ్రటి చక్రం, నేలకి రెండు వేళ్ల ఎత్తు దాటకూడదు. తిప్పే చివర్లో తెలియకుండానే చెయ్యి పైకి లేస్తుంది, ఉంగరాలు తప్పిపోయేది అక్కడే. మోగితే గునపం తియ్యకండి, ముందు వేళ్లతో గడ్డి విడదీసి చూడండి. పార్కు చూసుకునే వాళ్లకి ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

శ్రోత: అలాగేనండి. నల్లబడిన చిల్లు కాణీ ఒకటి దొరికింది. చింతపండు పెట్టి తోమేదా?

నిపుణుడు: వద్దమ్మా, దయచేసి వద్దు! 1943 నుంచి 1947 దాకా వేసిన నాణెం అది. రాగి బిందెలా మెరిపించాలని చూస్తే పులుపు పైపొరని తినేస్తుంది, కిరీటం బొమ్మ అరిగిపోతుంది. మంచినీళ్లలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి, చాలు. ఆ నలుపే దానికి రక్ష.

ప్రయోక్త: విజయనగరం నుంచి ఇంకో కాల్.

శ్రోత: సార్, మేం ఫ్రెండ్స్ అందరం డిటెక్టర్ పట్టుకుని శాలిహుండం వెళ్దామనుకుంటున్నాం. పాత నాణేలు దొరుకుతాయని.

నిపుణుడు: వెళ్లండి బాబూ, స్తూపాలు కళ్లారా చూసి రండి. డిటెక్టర్ మాత్రం ఇంట్లో పెట్టేయండి. అది రక్షిత స్థలం, అనుమతి లేకుండా తవ్వడం నేరం. నాణెం ఏ పొరలో ఉందో దాన్నిబట్టే ఆ కట్టడం కాలం తెలుస్తుంది. మీరు పీకేస్తే ఆ ఆధారం మళ్లీ రాదు. ఇంకెక్కడైనా సరే, భూమిలో దాచిన సొత్తు దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

శ్రోత: పది రూపాయలేనా సార్?

నిపుణుడు: పదే. దొరికిన చోటు, తేదీ కూడా రాసి ఇవ్వాలి.